కాకి చేసింది

సాలూరు,
12 జూన్ 2016

ఒరే విక్టర్,

నువ్వు పంపిన ల్యాప్‌టాప్ చేరింది. మీ బావ బెన్హర్ షెడ్డు నుంచి భోజనానికొచ్చి పెట్టె విప్పి, వైర్లన్నీ తగిలించి, "ఇంక అక్కా తమ్ముడూ ఎలాగ ఆడుకుంతారో ఆడుకోండి" అనేసి మళ్ళీ లారీ కేబిన్లకి రంగులేసుకోవడానికి వెళ్ళిపోయాడు. వాట్సాప్‌లో రాస్తుంటే నా కోపం ముక్కలు ముక్కలైపోతోంది. అందుకే మెయిల్ అయినా ఉత్తరంలాగే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

ముందు గొంతు సంగతి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు మాట్లాడకుండా ఉంటే చాలన్నారు కదా. మొన్న విశాఖలో డాక్టరు మళ్ళీ గొంతులోకి కెమెరా పంపించి చూసి, పుండు మానలేదు, నేను చెప్పేదాకా గుసగుస కూడా వద్దన్నాడు. స్కూల్లో నా తెలుగు క్లాసులు సైన్సు మాస్టారికిచ్చేశారు. ఆయన పిల్లలకి సంధులు ఎలా చెప్తున్నాడో తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. చర్చిలో క్వయర్ ముందు నిలబడి పాట ఎత్తే నేను ఇప్పుడు వెనక బెంచీలో పెదవి కదపకుండా కూర్చుంటున్నాను. ఇంట్లో అమ్మ నాతో అరిచి మాట్లాడుతోంది. "నోరే పోయింది, చెవులు పోలేదు" అని పలక మీద రాసి చూపించాను. దాన్ని కూడా అరుస్తూనే చదివింది.

ఇలాంటప్పుడు నువ్వు ఈ 'లాస్ట్ షోర్' పంపించావు. ఇది ఆటేనట్రా? కళ్ళు తెరిస్తే సముద్రం ఒడ్డున ఒంటి మీద గుడ్డ లేకుండా పడి ఉన్నాను, చేతిలో ఒక రాయి. ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు. ఒకసారి చలికి చచ్చాను. ఒకసారి ఉప్పునీళ్ళు తాగి చచ్చాను. ఒకసారి ఎలుగుబంటి. వెనకనుంచి అమ్మ చూసి, "సీ సీ, ఇదేటే, బట్టల్నేకుండా తిరగతన్నావు! బెన్హరు సూత్తే ఏటనుకుంతాడు!" అని దుప్పటి తెచ్చి ల్యాప్‌టాప్ మీద కప్పింది.

జంతువులు నయం. మనుషులొచ్చి మైకులో "బోలో, బోలో" అంటారు. ఎవరో ఏమిటో చెప్పకపోతే చంపేస్తారట. నేనేం చెప్పను? ఒకడికి ఆగమని, 'వెయిట్' అని ఇంగ్లీషులో రాద్దామని డబ్ల్యూ, ఏ నొక్కాను. ముందు ఎంటర్ కొట్టాలని నాకేం తెలుసు? డబ్ల్యూకి నా బొమ్మ వాడి మీదికి నడిచింది, ఏ కి పక్కకి తిరిగింది. మీద పడుతున్నాననుకుని వాడు గొడ్డలితో ఒక్కటిచ్చాడు.

బయట నోరు లేదని కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ నోరు లేదని చంపుతున్నారు. నాకొద్దు నీ ఆట.

విసిగిపోయిన మీ అక్క,
శాంతి


పుణె,
14 జూన్ 2016

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వు ఆపుకోలేక బాత్రూంలోకి వెళ్ళిపోయాను. కోప్పడకు. మొదట్లో అందరూ ఇలాగే చస్తారు. నేను నెల్లాళ్ళు చచ్చాను.

అది ఎందుకు పంపానో చెప్తాను. ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడలేవు. నేనొక్కణ్ణే వాగి పెట్టేస్తున్నాను. అదే ఆటలో అయితే మాట లేకపోయినా పక్కపక్కన తిరగొచ్చు, కట్టెలు కొట్టుకోవచ్చు, నిప్పు దగ్గర కూర్చోవచ్చు. అంతే. ఇంకో వారం చూడు.

నాతో ఆడే స్నేహం ఒకటి ఉంది. ఆటలో పేరు కాకి. చాలా బాగా ఆడుతుంది. ఆదివారం చర్చి అయ్యాక నువ్వు లోపలికి రా. నాకు కాస్త ఆలస్యమైనా కాకి ఒడ్డుకొచ్చి నిన్ను తీసుకొస్తుంది. ఏదైనా చెప్పాలంటే ఎంటర్ కొట్టి రాయి, మళ్ళీ ఎంటర్ కొట్టు. అమ్మని, బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
విక్టర్


సాలూరు,
20 జూన్ 2016

విక్టర్,

నీ కాకి నన్ను తీసుకెళ్ళడానికే వచ్చాడు. బాణంతో గుండెల్లో కొట్టి తీసుకెళ్ళాడు.

రాళ్ళ వెనకనుంచి ఒక బట్టతల మనిషి వచ్చి నిలబడ్డాడు. తల మీద కాకి అని పేరుంది. హమ్మయ్య అనుకున్నాను. "ఎవరు?" అని రాశాడు. నువ్వు చెప్పినట్టే ఎంటర్ కొట్టి, "నేను శాంతిని, విక్టర్ అక్కని" అని శుభ్రమైన తెలుగులో రాశాను. జవాబుగా బాణం వచ్చింది. పదిహేనేళ్ళనుంచి తెలుగు చెప్తున్నాను, ఒక్క వాక్యానికి ఇంత శిక్ష ఎవరూ వెయ్యలేదు.

ఇలాంటివాడితో నీకేం స్నేహం?

శాంతి


పుణె,
22 జూన్ 2016

అక్కా,

తప్పు నాదే. ఆ ఆటకి తెలుగు అక్షరాలు రావు. నీ వాక్యం అవతల డబ్బాలు డబ్బాలుగా కనపడింది. పైగా నువ్వు 'టీచర్' అన్న పేరుతో వస్తావని నేను చెప్పలేదు, కాకి 'శాంతి' కోసం వెతుకుతోంది. ఎవరో దొంగ వేషాలు వేస్తున్నారనుకుంది.

తెలిశాక అన్నం కూడా సరిగ్గా తినలేదు తెలుసా. నీ కోసం వాగు పక్కన ఒక గుడిసె కట్టి ఉంచింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయి. ఈ ఒక్కసారికి రా. నా మీద ఒట్టు.

విక్టర్


సాలూరు,
9 జులై 2016

ఒరే విక్టర్,

ఒట్టు వేశావు కాబట్టి వస్తున్నాను. ఇష్టమై కాదు.

గుడిసె బాగుంది, కాదనను. ఇప్పుడు దానికి పై అంతస్తు కూడా లేచింది. కానీ ఒకటి గమనించావా? మీరిద్దరూ విల్లంబులు పట్టుకుని కొండలెక్కుతారు. నేను కట్టెలు కొట్టి, నీళ్ళు తెచ్చి, మాంసం కాల్చి, పెట్టెల్లో సర్దుతాను. సాలూరులో చేసే పనే అక్కడా చేస్తున్నాను. దానికి కరెంటు ఖర్చు అదనం. సర్దిన పెట్టెల్ని కాకి మళ్ళీ తన ఇష్టమొచ్చినట్టు సర్దుతాడు. అడిగితే "ఇలా అయితే చీకట్లో దొరుకుతాయి టీచర్ గారూ" అని రాస్తాడు. మర్యాద ఉంది, ఒప్పుకుంటాను. గొడ్డలి ఎలా పట్టాలో, ఎలుగు వస్తే ఎటు పరిగెత్తాలో ఓపిగ్గానే చెప్తాడు. నువ్వయితే "అక్కా, అలా కాదు" అని మైకులో అరుస్తావు. వాడు ఎప్పుడూ మైకు పెట్టడేం? వాడికీ నోరు లేదా?

అయినా నమ్మకం కుదరలేదు. బాణం తగిలిన చోట నమ్మకం త్వరగా మొలవదు.

ఇంటి సంగతి ఒకటి. అమ్మ నీకొక సంబంధం చూస్తోంది. పార్వతీపురంలో నర్సు, పద్మజ అని. తండ్రి వాళ్ళ చర్చిలో డీకను, సంఘంలో పెద్దమనిషి. ఫోటో పంపిస్తున్నాను. నవ్వు బాగుంది. ఏమంటావు?

శాంతి


పుణె,
13 జులై 2016

అక్కా,

తలుపుకి నంబరు తాళం పెట్టాం. నంబరు మన ముగ్గురికే తెలియాలి. మీద ఒక ఇనుప తలుపు కూడా కావాలని కాకి అంటోంది, ఈ వారంలో పెడదాం. మేం పగలు ఆఫీసులో ఉంటాం కాబట్టి నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు జాగ్రత్త. ఆట కట్టేసినా నీ బొమ్మ అక్కడే నిద్రపోతూ ఉంటుందని మర్చిపోకు.

ఆ నర్సు సంగతి తర్వాత మాట్లాడదాం. గొంతెలా ఉంది?

విక్టర్


సాలూరు,
25 జులై 2016

విక్టర్,

ఆగకుండా రాసేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువు.

శనివారం వాన, కరెంటు పోయింది. వచ్చాక ఆట తెరిస్తే ఒడ్డున ఉన్నాను, ఒంటి మీద గుడ్డ లేదు. ఏడ్చుకుంటూ వాగు దాకా నడిచి ఇంటికెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. పెట్టెలన్నీ ఖాళీ. నిద్రలో ఉన్న నన్ను నా మంచం మీదే చంపేశారు. నేను కొట్టిన కట్టెల్లో ఒక్క పుల్ల మిగల్చలేదు. ఇంటి ముందు ఎవడో బోర్డు పాతాడు: "థాంక్యూ టీచర్."

నవ్వకు. ఆటేగా అనకు. ఈ ఇంట్లో నేను చేసిన పనంటూ కనపడేది ఈ నెలన్నరలో అదొక్కటే. బడి లేదు, పాట లేదు. ఆ పై అంతస్తు గోడలు నేను కొట్టిన కట్టెలతోనే లేచాయి.

తలుపు పగలగొట్టలేదు, చూశాను. నంబరు కొట్టుకుని లోపలికొచ్చారు. నంబరు మన ముగ్గురికే తెలుసన్నావు. నువ్వు చెప్పవు, నేను చెప్పలేదు. ఇంకెవరు? నీ కాకిని అడుగు.

శాంతి


పుణె,
27 జులై 2016

అక్కా,

అడిగాను. కాకి చేసింది. కావాలని కాదు, పొరపాటున నంబరు బయటపడింది. నిన్ను క్షమించమని అడగమంది. మళ్ళీ కడదాం, ఇంతకంటే పెద్దది. దయచేసి ఇంతటితో వదిలెయ్.

విక్టర్


సాలూరు,
30 జులై 2016

విక్టర్,

చూశావా? మొదటిరోజే చెప్పాను.

పొరపాటున అంటే నేను నమ్మను. ఇంట్లో పెట్టుకున్నవాడు తలుపు తీసి పరాయివాళ్ళని రానిచ్చాడు. వాడితో ఆడతానంటే నేను మళ్ళీ రాను. ఆట బయట కూడా వాడితో తిరుగుతున్నట్టున్నావు. అది కూడా తగ్గించుకో. కొందరు గడప దాటి లోపలికి రాదగిన మనుషులు కారు. అక్కగా చెప్తున్నాను.

నర్సు గురించి నువ్వు జవాబివ్వలేదు. అమ్మ నా పలక తెచ్చి ఎదురుగా పెట్టి, "నీ మాటేటో రాయి" అంది. "మంచి పిల్ల" అని రాశాను. నువ్వేం మాట్లాడకపోతే అది ఇష్టమనే కదా అర్థం. వాళ్ళు వచ్చే ఆదివారం మనింటికి వస్తున్నారు.

శాంతి


పుణె,
1 ఆగస్టు 2016

అక్కా,

వాళ్ళని రావద్దని చెప్పించు. ముందు అది.

ఇక నేను దాచలేను. నంబరు బయటపెట్టింది కాకి కాదు, నువ్వు. శుక్రవారం రాత్రి ఆట కట్టేసే ముందు నువ్వు "నంబరు మర్చిపోయాను, 4174 యేనా?" అని ఎంటర్ కొట్టావు. అది మన ముగ్గురికే వెళ్ళదు. ఆ ద్వీపంలో ఉన్న వంద మందికీ వెళ్తుంది. ఆ సంగతి నీకు నేను చెప్పలేదు, ఆ తప్పు నాది. కాకి అది చూసి వెంటనే నంబరు మారుద్దామని పరిగెత్తింది. వాళ్ళు ముందే చేరారు. గుమ్మం ముందు ఒక్కతీ నిలబడి కొట్లాడి చచ్చిపోయింది. "అక్క అసలే విసిగిపోయి ఉన్నారు, ఇది కూడా ఆవిడ మీద వెయ్యకు, నేను చేశానని రాసెయ్" అంది. రాశాను. దానికి నువ్వు గడప దాటనివ్వద్దన్నావు.

కాకి పేరు విశాలి. మన పక్క శ్రీకాకుళం జిల్లా అమ్మాయే, ఊరు శ్రీముఖలింగం. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివింది, నా ఆఫీసులోనే పని చేస్తుంది. వాళ్ళ నాన్న కూర్మనాథం గారిది గుడి సేవ చేసే కుటుంబం. మేం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. వాళ్ళ నాన్నకి చెప్పింది, ఆయన మాట్లాడటం మానేశారు. మైకు ఎందుకు పెట్టడని అడిగావు కదా. నువ్వు నోరు తెరవలేని చోట తను వాగడం బాగోదని పెట్టలేదు.

నువ్వు అమ్మకి చెప్పాలి అక్కా. నీ మాటయితే అమ్మ వింటుంది. పలక మీద రాసినా వింటుంది.

విక్టర్


సాలూరు,
14 ఆగస్టు 2016

విక్టర్,

పార్వతీపురం వాళ్ళని మీ బావ ఫోన్ చేసి ఆపాడు. ఏం చెప్పాలో తెలీక నాకు జ్వరమన్నాడు. అమ్మ ఆ నర్సు ఫోటో బైబిల్లోంచి తీసి బీరువాలో పెట్టింది, కారణం అడగలేదు. అడగకపోవడం చూస్తే నాకు భయంగా ఉంది.

నీ ఉత్తరానికి రెండు వారాలు జవాబు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి.

సిగ్గుపడ్డాను, అది నిజం. వంద మంది ముందు తలుపు నంబరు అరిచి, చేసినవాడెవడని ఊరంతా వెతికాను. కాకిని గురించి రాసినప్పుడల్లా "వచ్చింది, కట్టింది, చేసింది" అని రాశావు. పిట్ట పేరు కదా, అందుకే అలా రాస్తున్నాడనుకుని నేను "వాడు, వాడు" అంటూ పోయాను. క్రియాపదం చూసి కర్త ఎవరో చెప్పమని పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని నేను.

కానీ నా కోపం అది కాదు. నాకు తోడు కోసం ఆట పంపానన్నావు. నమ్మాను. ఎవరూ నాతో మామూలుగా ఉండని రోజుల్లో, నా తమ్ముడొకడు నా కోసం ఆలోచించాడని మీ బావకి చూపించి మురిసిపోయాను. నువ్వు పంపింది విశాలిని నాకు చూపించడానికి. నాకు నచ్చితే నా చేత అమ్మకి చెప్పించడానికి. అవునా కాదా? అవును అని ఒక్క మాట రాసి ఉంటే నేను ఆడకపోదునా?

గురువారం డాక్టరు మాట్లాడొచ్చన్నాడు. కొంచెం కొంచెంగా, మెల్లగా. పాట సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు, ఇప్పట్లో కాదని. నా గొంతు నాకే కొత్తగా ఉంది, తడిసిన తాటాకులా బొంగురుగా.

ఆ గొంతుతో విశాలికి ఫోన్ చేశాను. అవసరానికి ఉంటాయని నువ్వెప్పుడో పంపిన ఆఫీసు వాళ్ళ నంబర్లలో మీ బావ వెతికి ఇచ్చాడు. "ఎవరండీ?" అంది. "టీచర్‌ని" అన్నాను. అవతల ఏడుపు మొదలైంది. "ఏడుపుకి నా దగ్గర టైము లేదమ్మా, డాక్టరు మాటలు కొలిచి ఇచ్చాడు" అన్నాను. ఆగింది. నా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. "మీరు అప్పటికే సాలా ఇసిగిపోయున్నారండి. ఇంకా ఏటి సెప్పాలో నాకు తెలీనేదు" అంది, అచ్చం మన యాసలో. నా తప్పు నాకు చెప్పకుండా దాచేవాళ్ళు నాకు నచ్చరని చెప్పాను. ఇంకెప్పుడూ సెయ్యనండి అంది. పిల్ల మంచిదే.

అమ్మకి మాత్రం నేను చెప్పను. నాన్న ఉన్నప్పుడు, నువ్వు ఇంటర్ తప్పితే ఆయనకి నేనే చెప్పాను. బండి గుద్దేసినప్పుడు నేనే చెప్పాను. పుణె వెళ్తానంటే అమ్మని నేనే ఒప్పించాను. నా మాటలు ఇప్పుడు చాలా తక్కువ ఉన్నాయిరా. నీ కోసం ఖర్చు పెట్టను. రైలెక్కి వచ్చి నువ్వే చెప్పుకో.

శాంతి


పుణె,
17 ఆగస్టు 2016

అక్కా,

అవును. విశాలి కోసమే పంపాను. నీ కోసం కూడా. రెండోది నువ్వు నమ్మకపోయినా నిజం.

సెలవు దొరికింది. నెలాఖరుకి వస్తున్నాను. ఏం మాట్లాడాలో ఆలోచిస్తే ఇప్పటినుంచే నోరు ఎండిపోతోంది. కనీసం పక్కన నిలబడతావా?

విక్టర్


సాలూరు,
11 సెప్టెంబరు 2016

ఒరే విక్టర్,

నువ్వు వెళ్ళాక జరిగింది రాస్తున్నాను.

పక్కన నిలబడమన్నావు, నిలబడ్డాను. పెరట్లో అమ్మ చేపలు కడుగుతుంటే నువ్వు చుట్టూ తిరిగి, వాన గురించి ఒకసారి, బావ షెడ్డు గురించి ఒకసారి ఎత్తుకుని ఆఖరికి చెప్పేశావు. నా వైపు చూశావు, నేను గోడ వైపు చూశాను. నీ గొంతు అంత పీలగా వస్తుంటే నా నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను. "గుళ్ళో అయ్యగోరి పిల్లా? మన పాస్టరు గోరికి ఏటి సెప్పుకోనురా?" అని ఒక్క మాట అని అమ్మ లేచి లోపలికి పోయింది కదా. ఆ రోజునుంచి మా ఎవరితోనూ మాట్లాడలేదు. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు మాట వచ్చింది, అమ్మకి పోయింది. మీ బావ మా ఇద్దరి మధ్య తిని లేస్తున్నాడు పాపం.

నిన్న సాయంత్రం నేనూ విశాలీ ఆటలో కొత్త ఇంటికి రాళ్ళు మోస్తున్నాం. ఇంకా విసుగ్గానే ఉంది ఆ ఆట, వాన పడితే జారి పడి చస్తున్నాను. అమ్మ వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఇందల ఆ గుంట, ఆ అయ్యగోరి పిల్ల ఏది?" అంది.

ఇన్నాళ్ళ తర్వాత అదే మొదటి మాట, మాతో ఆడేది ఆ పిల్లేనని నువ్వు చెప్పింది మర్చిపోలేదు. నేను కదలకుండా వేలు చూపించాను. "అదిగో, గోనె ముసుగు వేసుకున్నది."

"మొకం కనబడదేటి? ముసుగు తియ్యమను."

రాశాను, మా అమ్మ నీ ముఖం చూస్తానంటోంది అని. విశాలి బొమ్మ రాళ్ళు కింద పెట్టేసి ముసుగు తీసింది. లోపల అదే బట్టతల, మొద్దు ముక్కు, గెడ్డం. ఆ ఆటలో ఎవరికి ఏ ముఖం వస్తుందో వాళ్ళ చేతిలో లేదట.

అమ్మ ముందుకి వంగి చూసింది. "ఓలమ్మ ఓలమ్మ! ఈ మొకాన్నేనా మనోడు సేసుకుంతానన్నాడు?" అంది. నవ్వాపుకోలేకపోయాను. గొంతు నొప్పెట్టింది, అయినా నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆ బట్టతలని అలాగే చూస్తూ, "వాళ్ళ నాన్న మాటాడ్డం నేదంతన్నావు. తల్లి మాటాడతాదా?" అని అడిగింది. తల్లి లేదని చెప్పాను. లేచి వెళ్ళిపోయింది.

ఈ పొద్దున్న చర్చి నుంచి వచ్చాక బెన్హర్‌తో అంది: "దసరా సెలవులికి ఆ పిల్లని తెమ్మను. ఒప్పుకున్నానని కాదు. సూత్తానని." ఒప్పుకున్నానని కాదన్న మాట ఇప్పటికి నాలుగుసార్లు అంది. నువ్వూ అనుకోకు. పాస్టరు గారి సంగతి ఉంది, శ్రీముఖలింగం వెళ్ళి కూర్మనాథం గారి గుమ్మంలో నిలబడాల్సిన సంగతి ఉంది. అవి కూడా నీవే.

ఇప్పుడు వంటింట్లోంచి అడుగుతోంది, ఆ పిల్ల సేపలు తింటాదా తినదా అని. నాకు తెలుసు. చెప్పలేదు. నీ కొడుకుని అడుగమ్మా అన్నాను. చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

ఎత్తు.

శాంతి